మొదట దిగేదెవరు? పనిచోట గాలి కొలత చరిత్రలో కులం

బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద జీడిమెట్ల, షాపూర్‌నగర్, సూరారం దాటినంక బహదూర్‌పల్లి వస్తుంది. ఇంకొంచెం ముందుకు పోతే గండిమైసమ్మ చౌరస్తా, దుండిగల్. పడమటి దిక్కు బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం. గత యాభై ఏళ్లలో ఈ నడుమ నేల చాలామటుకు పొలం నుంచి ప్లాటుగా, ప్లాటు నుంచి షెడ్డుగా మారింది. ఎవరి చెమట మీద హైదరాబాద్ మందుల తయారీకి పేరు తెచ్చుకుందో, షిఫ్టు మారే వేళ ఈ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల మాల మాదిగ వాడల నుంచి వచ్చేవాళ్లు, పాలమూరు, మెదక్ నుంచి వచ్చి కిరాయి గదుల్లో ఉండేవాళ్లు, ఈ మధ్య కాలంలో బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. రాత్రిపూట గాలి తిరిగితే "గ్యాస్ కొడుతుంది" అంటారు. వాన వచ్చేటట్టుంది అన్నంత మామూలుగా అనే మాట అది.

గాలిలో ఏముందో తెలుసుకునే పరికరం ఇక్కడ ఇప్పటికీ మనిషి ముక్కే అన్న నిజం ఆ మాటలో ఉంది. అయితే ఏ మనిషి ముక్కు? ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్న ప్రశ్న ఇదే. పనిచోట గాలిలో విషమెంత, మంటకు అంటుకునే ఆవిరి ఎంత అని కొలిచే పరికరాలు పుట్టి నూరేళ్లు కావస్తున్నది. ఇంత మోతాదు దాటొద్దని మన దేశంలో చట్టం చేసి నలభై ఏళ్లు కావస్తున్నది. అయినా ఆ కొలత ఒక చోటికి వచ్చి ఆగిపోతున్నది. ఎక్కడ "కడిగే పని", "ఎత్తే పని", "దిగే పని" మొదలవుతుందో అక్కడ ఆగిపోతున్నది. దీన్ని సాంకేతిక లోపమని చెప్పి తప్పించుకోవడం కుదరదు. అది కులం గీసిన గీత అని మా వాదన.

దీపం, పిట్ట, ముక్కు

గాలిని నమ్మొద్దనే తెలివి మన పల్లెలకు కొత్త కాదు. జొన్నలు దాచిన పాతర మూత తీయగానే ఎవరూ దిగరు. చాలాసేపు గాలి ఆడనిస్తారు, దీపం దించి చూస్తారు. దీపం ఆరితే మనిషి కూడా ఆరిపోతాడని తెలుసు. గింజలు వదిలిన బొగ్గుపులుసు గాలి అడుగున పేరుకుంటుందని పుస్తకం చెప్పకముందే ఆ తెలివి ఉంది. పాడుబడిన బావిలో పూడిక తీసేటప్పుడూ అంతే. కాకపోతే పాతరలో దిగేది, బావిలో దిగేది ఎవరనే విషయంలో ఊరికి ఎన్నడూ సందేహం రాలేదు. గింజలు దొరవి, దిగేవాడు మాదిగో మాలో వడ్డెరో.

ఈ తెలివికి ఇంకో వైపు కూడా ఉంది. లందలో తోలు ఊనినప్పుడు సున్నం ఎంత పట్టింది, తంగేడు చెక్క ఎంత దిగింది, తోలు చెడుతున్నదా పండుతున్నదా అని వాసన పట్టి చెప్పగలిగిన మాదిగలది ఒక శాస్త్రం. ఆ ముక్కుకు విలువ ఇవ్వాల్సిన సమాజం ఏం చేసింది? వాసనను పని నుంచి తీసి మనిషికి అంటగట్టింది. కంపు లందది కాదు, మాదిగది అన్నది. ఈ తారుమారు చేసిన బుద్ధే తర్వాత కార్ఖానాలోకి కూడా నడిచి వచ్చిందని మేము అనుకుంటున్నం. కంపు భరించడం వీళ్లకు అలవాటే అని కాంట్రాక్టరు ఇప్పుడు అనే మాట లంద కాడ పుట్టిన మాటే.

ఐరోపాలో ఈ చరిత్ర బొగ్గు గనుల నుంచి మొదలవుతుంది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో మీథేన్ పేలి 92 మంది చనిపోయారు. ఆ దెబ్బతోనే 1815లో హంఫ్రీ డేవీ జాలీ చుట్టిన సేఫ్టీ ల్యాంపు తయారుచేశాడు. ఆ దీపం వెలుగు ఇవ్వడమే కాదు, మంట మీద లేచే నీలం టోపీ ఎత్తును బట్టి గాలిలో మీథేన్ ఎంత ఉందో అంచనా కట్టడానికి కూడా పనికొచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ కనిపెట్టడానికి కెనరీ పిట్టలను వాడమని 19వ శతాబ్దం చివర్లో జె.ఎస్. హాల్డేన్ చెప్పాడు. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలు 1986 దాకా ఉన్నయ్.

మన దగ్గర సింగరేణి కార్మికులకు సేఫ్టీ ల్యాంపు కొత్త వస్తువు కాదు. 1957 బొగ్గు గనుల నిబంధనల కింద షిఫ్టు దిగకముందు పనిచోటికి పోయి గ్యాస్ చూసి రాయాల్సిన బాధ్యత సర్దారు మీద పెట్టారు. ఆ పరీక్ష చేయడానికి సర్టిఫికెట్ కావాలి. ఇందులో ఒక మంచి సూత్రం ఉంది. మనిషి దిగకముందు కొలత దిగాలి, కొలిచినవాడు రాసి సంతకం పెట్టాలి. గనుల్లో ఈ సూత్రం ఎన్నోసార్లు కాలరాయబడింది, అది వేరే కథ. కానీ సూత్రమైతే ఉంది. కార్ఖానా సంపు కాడికి, మురుగు మ్యాన్‌హోల్ కాడికి వచ్చేసరికి ఆ క్రమం తిరగబడింది. ముందు మనిషి దిగుతాడు. వాడు పడిపోతే గ్యాస్ ఉన్నట్టు తెలుస్తుంది. ఇంగ్లండులో పిట్టకు ఇచ్చిన పని ఇక్కడ దళితుడికి ఇచ్చారు. పిట్టనన్నా పంజరంలో పెట్టి తీసుకుపోయి, మూర్ఛపోతే బయటికి తెచ్చి బతికించుకునేవాళ్లు.

లేబర్ మెంబరుగా అంబేద్కర్

మన దేశంలో పనిచోటి ఆరోగ్యం ప్రభుత్వ బాధ్యత అనే ఆలోచన ఎవరి కాలంలో రూపం తీసుకున్నదో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. 1942 జులై నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. 1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి, లోపలికి దిగి కార్మికుల పని చూశాడు. మరుసటి ఏడాది బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. కార్ఖానాల భద్రత మీద కేంద్రానికి సలహా ఇచ్చే చీఫ్ అడ్వైజర్ ఆఫ్ ఫ్యాక్టరీస్ ఆఫీసు 1945లో మొదలైంది. ఇప్పుడు డీజీఫాస్లీ అని పిలిచే సంస్థకు అదే మొదలు. వారానికి 48 గంటల పని 1946 సవరణలో వచ్చింది. దళిత ఉద్యమంలో మనం అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా తలచుకున్నంతగా గనిలోకి దిగిన లేబర్ మెంబరుగా తలచుకోలేదు. ఈ లోటు మనదే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే కోలార్ బంగారు గనుల్లో ఒక లెక్క తీశారు. అక్కడి కార్మికుల్లో తమిళ దళితులతో పాటు చిత్తూరు, అనంతపురం వైపు నుంచి పోయిన తెలుగువాళ్లూ ఉన్నారు. 1940-46 మధ్య 7,653 మందిని పరీక్ష చేస్తే 3,402 మందికి, అంటే నూటికి దాదాపు 44 మందికి, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. గాలిలో దుమ్మును ముందే కొలిచి అదుపు చేసి ఉంటే తెలియాల్సిన సంగతి, మనుషుల ఊపిరితిత్తుల ఎక్స్‌రేల్లో తెలిసింది. కొలత ఆలస్యమైతే ఆ కొలత శరీరం మీదనే జరుగుతుంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఈ వాతావరణంలో పుట్టింది. అందులో 36వ సెక్షన్ గురించి ప్రతి కార్యకర్తా తెలుసుకోవాలి. ట్యాంకు, గొయ్యి, పైపు, గది, ఇట్లాంటి మూసుకుపోయిన చోట ప్రమాదకరమైన గాలి ఉండే అవకాశం ఉంటే అర్హుడైన వ్యక్తి తానే స్వయంగా పరీక్ష చేసి, రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇస్తేనే మనిషి దిగాలి. లేదా ఊపిరి పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టుకుని, ఆ తాడు కొస బయట ఇంకొకరు పట్టుకుంటేనే దిగాలి. 37వ సెక్షన్ పేలే దుమ్ము, గ్యాస్ గురించి చెప్పింది. అంటే "రూల్ లేదు" అనే మాట మన దేశంలో ఎన్నడూ నిజం కాదు.

భోపాల్ తర్వాత

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్‌లో మిథైల్ ఐసోసయనేట్ కారుతున్నదని మొదట తెలిసింది ఎట్లా? కార్మికుల కళ్లు మండి నీళ్లు కారడం వల్ల. అది అక్కడ మామూలు పద్ధతే. కళ్లు మండితే లీకు ఎక్కడుందో వెతకడం. ఆ రాత్రి టీ తాగినంక చూద్దామనుకున్నారు, ఎందుకంటే కళ్లు మండడం రోజూ ఉండేదే. అంతకు మూడేళ్ల ముందు, 1981 డిసెంబరులో, అదే కార్ఖానాలో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ ఒక్క చావు కొలతలోకి రాలేదు. వేల చావులు వచ్చినంక 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చింది.

ఆ సవరణ తక్కువదేమీ కాదు. ఏ రసాయనం గాలిలో ఎంత మించొద్దో రెండో షెడ్యూల్‌లో రాశారు. టోలీన్ అయితే ఎనిమిది గంటల సగటున 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో నూరు పాళ్లు. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే 10 పీపీఎం. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్య రికార్డు రాయాలి, ఆ రికార్డు కార్మికుడు చూడవచ్చు. సేఫ్టీ కమిటీలో కార్మికులు, యాజమాన్యం సమానంగా ఉండాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు.

జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ఎదిగిన కాలం ఇదే. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో పెట్టిన కర్మాగారం మందుల తయారీ ఎరిగిన కెమిస్టులను, ఆపరేటర్లను తయారుచేసింది. ప్రభుత్వ రంగం గనక అక్కడ రిజర్వేషన్ ఉంది. చదువుకున్న దళిత యువకుడికి యంత్రం మీటర్ చూసే ఉద్యోగం దొరికే దారి ఒకటి తెరుచుకుంది. తర్వాత వచ్చిన ప్రైవేటు బల్క్ డ్రగ్ కంపెనీలు ఐడీపీఎల్ నుంచి విద్య తీసుకున్నయ్, రిజర్వేషన్ తీసుకోలేదు. వాటి వ్యర్థ జలాలు శుద్ధి చేయడానికి జీడిమెట్లలో 1989లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం నీటి కాలుష్యం మీద 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. నక్కవాగు గురించి పేపర్లు రాశాయి. అదంతా కావలసిందే. కానీ గోడ బయటి నీళ్ల గురించి జరిగినంత పోరాటం గోడ లోపలి గాలి గురించి జరగలేదు. నీళ్లు రైతు పొలంలోకి పోతయ్, రైతుకు భూమి ఉంది, కోర్టుకు పోయే శక్తి ఎంతో కొంత ఉంది. లోపలి గాలి హెల్పరు ఊపిరిలోకి పోతది. అతడికి గేట్ పాసు తప్ప ఏముంది?

రెండు కొలతలు, రెండు విలువలు

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయంలోకి పోక తప్పదు, ఎందుకంటే రాజకీయం అక్కడే దాగి ఉంది. కార్ఖానా గోడకు బిగించి ఉండే గ్యాస్ డిటెక్టర్ ఎక్కువగా మంట ప్రమాదం చూసేది. దీని మూలం 1926-27లో ఉంది. కాలిఫోర్నియాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో పనిచేసిన ఆలివర్ జాన్సన్ చమురు ట్యాంకుల్లో పేలుళ్లు ఆపడానికి దీన్ని కనిపెట్టాడు. వేడెక్కిన సన్నటి ప్లాటినం తీగ మీద గ్యాస్ మండితే తీగ వేడి పెరుగుతుంది, దాంతో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ఆ తేడాను ముల్లు చూపిస్తుంది. ఇది చూపే అంకె ఎల్ఈఎల్‌లో శాతం. ఎల్ఈఎల్ అంటే గాలిలో ఎంత ఆవిరి చేరితే నిప్పురవ్వ తగిలినప్పుడు అంటుకుంటుందో ఆ కనీస పాలు.

టోలీన్ ఉదాహరణే తీసుకుందాం. గాలిలో సుమారు 1.2 శాతం, అంటే 12,000 పీపీఎం ఉంటే అంటుకుంటుంది. మామూలుగా మొదటి అలారం ఎల్ఈఎల్‌లో పదో శాతం దగ్గర పెడతారు. అంటే 1,200 పీపీఎం. మనిషి ఎనిమిది గంటలు పీల్చడానికి చట్టం ఒప్పుకున్నది 100 పీపీఎం. కాబట్టి అలారం మోగకపోతే అంతా క్షేమం అనుకునేవాడు చట్టం చెప్పినదానికి పదకొండు రెట్ల ఆవిరి పీలుస్తూ కూడా "సేఫ్" లెక్కలో ఉంటాడు. తల తిరుగుతుంది, కాళ్లు తేలిపోతయ్, ఇంటికి పోయినంక అన్నం సయించదు. మీటరు మాత్రం సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది. కార్మికులు ఎండీసీ అని పిలిచే ద్రావణి సంగతి ఇంకా ఘోరం. అది సులభంగా అంటుకోదు గనక ఈ డిటెక్టర్‌కు దాని మీద చూపే లేదు.

అంటే గాలికి రెండు కొలతలున్నయ్. ఒకటి షెడ్డు కాలిపోకుండా చూసే కొలత, రెండోది మనిషి లోపల కాలిపోకుండా చూసే కొలత. మొదటిది అక్కర్లేదని మేము అనడం లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా కార్ఖానాలో ఎంటీబీఈ అనే ద్రావణి కారి, ఆవిరి వ్యాపించి పేలినప్పుడు 17 మంది ప్రాణాలు పోయినయ్. మంట ముందు పోయేది కూడా కార్మికుడే. మేము అనేది రెండోది ఎక్కడ అని. ఆ కొలతకు కావలసిన పరికరం కూడా కొత్తది కాదు. 1960లో బ్రిటన్‌లో షెర్‌వుడ్, గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు, కార్మికుడి ఒంటి మీద పెట్టే చిన్న పంపును వర్ణించారు. నడుముకు పంపు, కాలరు దగ్గర గొట్టం. షిఫ్టంతా మనిషి ఎక్కడ తిరిగితే అక్కడి గాలినే అది పీలుస్తుంది. గోడ మీటరుకు, కాలరు మీటరుకు అంకెలు కలవవని అప్పుడే తేలింది. రియాక్టర్ మూత తీసి వంగి చూసేవాడి ముఖం దగ్గరి గాలి వేరు, పది అడుగుల దూరంలో స్తంభం మీది గాలి వేరు.

మరి ఆ కాలరు ఎవరిది? కంపెనీ రోల్స్ మీద ఉన్న ఆపరేటరుకు పంపు తగిలించి రిపోర్టు రాయించుకున్నంత మాత్రాన సెంట్రిఫ్యూజ్ లోంచి తడి మందును చేతులతో ఎత్తే కాంట్రాక్టు హెల్పరు గాలి కొలిచినట్టు కాదు.

"ముఖ్యమైన పని" కాని పని

ఇప్పుడు చట్టం గీసిన గీత దగ్గరికి వద్దాం. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. దానికి 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరణ చేసింది. సంస్థ "ముఖ్య కార్యకలాపం"లో కాంట్రాక్టు కూలీలను పెట్టొద్దు అన్నది. వినడానికి బాగానే ఉంది. కానీ ఏది ముఖ్యం కాదో కూడా జాబితా రాసింది. అందులో మొదటిది పారిశుద్ధ్యం. ఊడ్చడం, కడగడం, చెత్త ఎత్తడం, వ్యర్థాలు పారేయడం. మందు తయారుచేయడం ముఖ్యం, మందు తయారైనంక మిగిలిన బురద ఎత్తడం ముఖ్యం కాదు. కేంద్రం 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా ఈ నిర్వచనాన్నే దేశమంతటికీ తీసుకుంది.

మనం ఈ విభజనను ఎక్కడో చూసినట్టు లేదా? కులమంటే పనుల విభజన కాదు, పనిచేసేవాళ్లను మెట్లు మెట్లుగా విడదీయడమని అంబేద్కర్ 1936లోనే తేల్చిన సంగతి. ఊరికి అవసరమైన పని చేసేవాడిని ఊరి బయట పెట్టినట్టే, కార్ఖానాకు అవసరమైన పని చేసేవాడిని కార్ఖానా రిజిస్టరు బయట పెట్టారు. రిజిస్టరులో లేనివాడికి శిక్షణ లేదు, ఆరోగ్య రికార్డు లేదు, సేఫ్టీ కమిటీలో చోటు లేదు. గాలి కొలత కూడా లేదు. ప్రమాదం జరిగిన రోజున అతడు "కాంట్రాక్టరు మనిషి".

దీని ఫలితం చూడండి. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో ఒక హేచరీ వ్యర్థాల ట్యాంకు కడగడానికి దిగి ఏడుగురు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక నూనె మిల్లు ట్యాంకు కడగబోయి మళ్లీ ఏడుగురు. వారిలో ఐదుగురు పాడేరు వైపు నుంచి పనికోసం దిగివచ్చినవాళ్లు. హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో 2016లో సరిగ్గా మేడే నాడు మ్యాన్‌హోల్‌లో ఇద్దరు. అదే ఏడాది ఆగస్టులో మాదాపూర్‌లో నలుగురు. ఎక్కువ చోట్ల కథ ఒకటే. మొదటివాడు దిగుతాడు, పలకడు. వాడిని తీయడానికి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. మూసుకున్న చోట్ల చనిపోయేవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లే అని అమెరికా నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. అన్న కోసం తమ్ముడు, మేనమామ కోసం అల్లుడు దిగే మన బంధుత్వం వల్ల ఆ గొయ్యి ఇంకా లోతవుతుంది.

ఇక్కడ ముక్కు కూడా మోసం చేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక పీపీఎం కన్నా తక్కువ ఉన్నప్పుడే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. కానీ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి వాసన పట్టే నరం చచ్చుబడుతుంది, కంపు పోయిందనిపిస్తుంది. కంపు తగ్గింది దిగు అన్న మేస్త్రీ మాట అందుకే చావు మాట. 500 దాటితే కొన్ని నిమిషాల్లోనే స్పృహ పోతుంది. ఇంకా పెరిగితే ఒకటి రెండు ఊపిరులే. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, అడుగున ఉంటుంది. మీథేన్ తేలిక, పైకి వస్తుంది. అందుకే మీటరును తాడు కట్టి పైన, నడుమ, అడుగున మూడు చోట్ల దించి చూడాలి. ముందు ఆక్సిజన్ చూడాలి. ఆక్సిజన్ తక్కువ ఉన్నచోట మంట చూసే సెన్సార్ సరిగా పనిచేయదు, తక్కువ అంకె చూపించి నమ్మిస్తుంది. బురద కదిలిస్తే అడుగునున్న గ్యాస్ ఒక్కసారి లేస్తుంది. కాబట్టి దిగకముందు ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, పని అయ్యేదాకా మీటరు ఒంటి మీదనే ఉండాలి.

ఈ సంగతులన్నీ చట్టానికి తెలుసు. కోలార్ బంగారు గనుల కాలనీలో పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయి కర్మచారి ఆందోళన్, వారికి అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్, ఇట్లాంటివాళ్ల ఏళ్ల పోరాటం వెనుక ఉండగా 2013 చట్టం వచ్చింది. ఆ చట్టం కింద అదే ఏడాది వచ్చిన నిబంధనల్లో, మనిషి దిగక తప్పని పరిస్థితికి కావలసిన రక్షణ సామాగ్రి జాబితాలో నాలుగు గ్యాసుల మానిటర్ పేరు స్పష్టంగా ఉంది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి సన్న గల్లీల్లోకి పోయే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. ఇది మంచి పనే. కానీ 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఇద్దరు మళ్లీ మ్యాన్‌హోల్‌లో పోయారు. యంత్రం ఉన్నా కాంట్రాక్టరుకు మనిషే అగ్గువ.

మురుగు, సెప్టిక్ ట్యాంకు పని చేసే 38,000 మంది వివరాలు కేంద్రం సేకరిస్తే, 2024లో బయటికి వచ్చిన లెక్క ప్రకారం దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఒక్క ఎస్సీలే దాదాపు 69 శాతం. మురుగు విషయంలో ఈ లెక్కనన్నా తీయించగలిగింది ఉద్యమమే. కార్ఖానా ప్రమాదాల లెక్కలో కులం గడి లేదు. మంట కులం చూడదనే మాట మేమూ ఒప్పుకుంటం. కానీ మంట దగ్గర ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించేటప్పుడు కులం చూశారా లేదా అన్నది ప్రశ్న. ఆ గడి లేకపోతే ఈ ప్రశ్న అడిగే వీలే ఉండదు.

ఇప్పటి పరిస్థితి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది, 12 మంది చనిపోయారు. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ తేల్చింది. ఊరికి గాలి సంగతి చెప్పింది మళ్లీ ముక్కూ కళ్లే. 2025 జూన్ 30న బహదూర్‌పల్లికి ఎంతో దూరం లేని పాశమైలారంలో సిగాచి కార్ఖానా పేలింది. మందు బిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు అది. సన్నటి పొడి గాలిలో లేస్తే అదీ పేలుడు పదార్థమే అవుతుందని 1948 నాటి 37వ సెక్షన్ చెప్పిన సంగతి ముందే చూశాం. యాభై మంది దాకా ప్రాణాలు పోయినయ్. కొందరి శరీరాలు దొరకనే లేదు. వారిలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల భాషలో రాసిన హెచ్చరిక బోర్డు, వాళ్ల భాషలో చెప్పిన శిక్షణ లేకుండా గాలి కొలత అంకె గోడ మీద వెలిగినా చీకటే.

ఆ తర్వాత 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 1948 ఫ్యాక్టరీల చట్టం, 1970 కాంట్రాక్టు చట్టం రద్దయినయ్. కరెంటుతో నడిచే చోటు "కార్ఖానా" అనిపించుకోవడానికి 10 మంది చాలేది, ఇప్పుడు 20 మంది కావాలి. ఇన్‌స్పెక్టరు పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. గాలిలో మోతాదుల పరిమితి, ప్రమాదం గురించి చెప్పే హక్కు కాగితం మీద మిగిలినయ్. మిగిలినదాన్ని పట్టుకుని ఏం చేయగలమో ఆలోచించాలి.

మనం ఏం చేయాలి

మొదటిది, కడిగే పని ముఖ్యమైన పనే అని చట్టంలో రాయించాలి. మిగతా అన్ని కోరికలకు ఇదే పునాది. రెండోది, ట్యాంకులోకి దిగే ముందు తీసిన కొలత, తీసిన టైము, తీసినవాడి సంతకం ఉన్న కాగితం దిగేవాడి చేతికి, అతడు చదవగలిగిన భాషలో ఇవ్వాలి. కాగితం లేకపోతే దిగొద్దు అనే మాటను ప్రతి బస్తీలో చెప్పాలి. మూడోది, బయట తాడు పట్టుకునేవాడు, పైకి లాగే ముక్కాలి పీట, ఊపిరి పరికరం లేకుండా ఎవరూ ఎవరినీ కాపాడడానికి దిగొద్దు. ఇది గుండెకు కష్టమైన మాట, కానీ ఒక చావు ఏడు చావులు కాకుండా ఆపేది ఇదే. నాలుగోది, కాలరు పంపు కంపెనీ మనిషికే కాదు, కాంట్రాక్టు హెల్పరుకు కూడా పెట్టాలి, ఆ రిపోర్టు అతడికి చూపాలి. ఐదోది, ప్రమాద నివేదికల్లో చనిపోయినవాడి కులం, సొంత రాష్ట్రం, కాంట్రాక్టరు పేరు నమోదు చేయించాలి.

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక మాట. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. జీడిమెట్ల నుంచి గడ్డపోతారం దాకా ఎన్ని చోట్ల గాలి కొలిచారు, ఏ పనివాళ్ల దగ్గర కొలిచారు, ఎన్నిసార్లు మించింది అని అడగండి. కెమిస్ట్రీ చదివే దళిత విద్యార్థులు బస్తీల్లోకి వచ్చి మీటరు ఎట్లా చదవాలో, ఎల్ఈఎల్‌కూ పీపీఎంకూ తేడా ఏమిటో తెలుగులో, హిందీలో చెప్పండి. లంద కాడ మన తాతలకు ముక్కుతో ఉన్న తెలివిని ఇప్పుడు మీటరుతో మనం తెచ్చుకోవాలి. ఆ మీటరు మొదట దిగాలి. మనిషి దిగడం అవసరమా కాదా అన్నది దాని తర్వాత మాట్లాడుకుందాం.